ఆటిజం పిల్లలు పెద్దవుతున్నారు... మన జిల్లా సిద్ధంగా ఉందా?

ఏ థెరపీ సెంటర్‌కైనా వెళ్లి వెయిటింగ్ హాల్లో పది నిమిషాలు కూర్చోండి. మూడేళ్ల బాబు, ఐదేళ్ల పాప, ఏడేళ్ల పిల్లాడు... పక్కనే స్కూలు బ్యాగు, నీళ్ల సీసా పట్టుకున్న అమ్మలు. ఇరవై అయిదేళ్ల యువకుడు కనిపించడం అరుదు. ముప్ఫై అయిదేళ్ల మహిళ అసలే కనిపించదు. అంటే పెద్దయ్యాక ఆటిజం తగ్గిపోయిందనా? కాదు. ఆటిజం వయసుతో పాటు పోయేది కాదు. వాళ్లంతా ఇళ్లలోనే ఉన్నారు. లేనిదల్లా మన లెక్కల్లోనే.

ఆటిజం ఉన్న బిడ్డ 18 ఏళ్ల పాటు ‘పిల్లాడు’. ఆ తర్వాత మరో 40, 50 ఏళ్లు పెద్దవాడే. కానీ మన మాటలు, పథకాలు, ఆసుపత్రులు, బడులు అన్నీ ఆ మొదటి 18 ఏళ్ల చుట్టూనే తిరుగుతున్నాయి. రాబోయే పదేళ్లలో మన జిల్లాలో ఆటిజం ఉన్న పెద్దవాళ్లు ఎందరుంటారు? వారిలో ఎవరికి ఎంత తోడు కావాలి? ఇది అధికారులు మాత్రమే వేసుకోవాల్సిన లెక్క కాదు. మీ ఇంట్లోనో, మీ బంధువుల ఇంట్లోనో అలాంటి బిడ్డ ఉంటే ఇది మీ లెక్క కూడా.

మొదటి వరుస 18కి చేరింది

ఈ ప్రశ్న ఇప్పుడే ఎందుకంటే... పిల్లల్లో ఎదుగుదల లోపాలను బడుల్లో, అంగన్‌వాడీల్లో వెతికి పట్టుకునే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం (ఆర్‌బీఎస్‌కే) దేశంలో 2013లో మొదలైంది. అది చూడాల్సిన 30 సమస్యల జాబితాలో ఆటిజం కూడా ఉంది. దాదాపు అదే కాలంలో హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం లాంటి నగరాల్లో స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ కేంద్రాలు పెరుగుతూ వచ్చాయి. ‘మాటలు ఆలస్యంగా వస్తాయిలే’ అని ఊరుకున్న అమ్మానాన్నలు పిల్లల్ని డాక్టర్లకు చూపించడం మొదలుపెట్టారు.

2013లో ఐదేళ్ల వయసులో గుర్తించిన బిడ్డకు 2026లో 18 నిండుతాయి. అంటే ఆటిజం అని పేరు పెట్టి పెంచిన మొదటి పెద్ద వరుస ఇప్పుడు ఓటు హక్కు వయసుకు వస్తోంది. వీళ్ల వెనక వరుస ఇంకా పెద్దది. వీళ్లు హఠాత్తుగా ఊడిపడేవాళ్లు కారు. ఈరోజు మన వీధుల్లో, బడుల్లో తిరుగుతున్న పిల్లలే. పదేళ్ల తర్వాత ఎందరు పెద్దలవుతారో చెప్పడానికి జోస్యం అక్కర్లేదు, ఇప్పుడున్న పిల్లల్ని లెక్కపెడితే చాలు.

లెక్కలన్నీ పిల్లలవే

ఆటిజం గురించి మీరు తరచూ వినే అంకె అమెరికాది. అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ ఎనిమిదేళ్ల పిల్లల్లో ఆటిజాన్ని లెక్కిస్తుంటుంది. 2000లో 150 మందిలో ఒకరుగా ఉన్నది, 2022 నాటికి 31 మందిలో ఒకరయింది. దీన్ని చూసి కంగారు పడక్కర్లేదు. ఆటిజం నిర్వచనం విస్తృతమైంది. పరీక్షలు, అవగాహన పెరిగాయి. ఒకప్పుడు ‘మొండివాడు’, ‘సిగ్గరి’, ‘మాట వినడు’ అన్న ముద్ర పడ్డ పిల్లలను ఇప్పుడు సరిగా గుర్తిస్తున్నారు. ఈ పెరుగుదలలో చాలా భాగం ఇలా వచ్చిందే.

మన దేశానికి సంబంధించి ముఖ్యమైన అధ్యయనం 2018లో వెలువడింది. అయిదు ప్రాంతాల్లో రెండు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలను ఇంటింటికీ వెళ్లి పరీక్షించారు. ఆ అయిదింటిలో హైదరాబాద్ ఒకటి. ప్రతి ఎనిమిది మంది పిల్లల్లో దాదాపు ఒకరికి ఎదుగుదలకు సంబంధించిన ఏదో ఒక సమస్య ఉన్నట్లు, ఆటిజం సుమారు నూటికి ఒకరిలో ఉన్నట్లు తేలింది. ఇదీ పిల్లల లెక్కే.

మరి పెద్దలు? 2011 జనగణనలో దేశంలో 2.68 కోట్ల మంది దివ్యాంగులున్నట్లు తేలింది. అప్పటి ఫారంలో చూపు, వినికిడి, మాట, నడక లాంటి ఎనిమిది గడులున్నాయి. ఆటిజానికి విడిగా గడి లేదు. ఆ తర్వాత వచ్చిన 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అందులో ఆటిజం ఉంది. అంటే చట్టం గుర్తించింది గానీ, జనాభా లెక్క ఇంకా అందుకోలేదు.

పెద్దల్లో వెతికితే ఏం తేలింది?

పెద్దల్లో ఆటిజాన్ని తొలిసారి పెద్ద ఎత్తున లెక్కించింది ఇంగ్లండ్. 2007లో అక్కడ మానసిక ఆరోగ్యంపై ఇంటింటి సర్వే చేసినప్పుడు పెద్దలను ఆటిజం కోసమూ పరీక్షించారు. 2011లో ప్రచురించిన ఫలితాల్లో మూడు విషయాలు ఆశ్చర్యపరిచాయి. ఒకటి... పెద్దల్లోనూ సుమారు నూటికి ఒకరికి ఆటిజం ఉంది. రెండు... వయసు పెరిగినకొద్దీ ఆ శాతం తగ్గలేదు. మూడు... అలా తేలినవారిలో చాలామంది అప్పటిదాకా ఎవరి లెక్కలోకీ రాకుండా బతుకుతున్నవారే.

అదే దేశం 2009లో ఆటిజం ఉన్న పెద్దల కోసం ప్రత్యేకంగా చట్టం చేసింది. మీ ప్రాంతంలో ఇలాంటి వారు ఎందరున్నారో, ముందు ముందు ఎందరవుతారో తెలుసుకుని సేవలు సిద్ధం చేసుకోండని స్థానిక సంస్థలకు మార్గదర్శకాలు ఇచ్చింది. వాళ్లు వాడే పద్ధతి చాలా తేలిక. స్థానిక జనాభా అంచనా తీసుకుంటారు. మగవారిలో 1.8 శాతం, ఆడవారిలో 0.2 శాతం చొప్పున హెచ్చిస్తారు. పదేళ్ల తర్వాత, ఇరవై ఏళ్ల తర్వాత ఎందరో అంచనా వస్తుంది.

ఇందులో లోపాలు లేకపోలేదు. ఆడపిల్లల్లో ఆటిజం పైకి కనిపించకుండా దాగి ఉంటుందని, మగవారితో పోలిస్తే వారి సంఖ్య అనుకున్నంత తక్కువ కాదని తర్వాతి పరిశోధనలు చెబుతున్నాయి. అమెరికా తాజా లెక్కల్లో మగపిల్లలు, ఆడపిల్లల నిష్పత్తి సుమారు మూడున్నరకు ఒకటి. పైగా ఇంగ్లండ్‌లోనే 50 దాటిన ఆటిజం వ్యక్తుల్లో పదికి తొమ్మిది మందికి ఇప్పటికీ నిర్ధారణ జరగలేదని 2023లో ఓ అధ్యయనం అంచనా వేసింది. చట్టం ఉన్నచోటే పరిస్థితి ఇది. అయినా వాళ్ల నుంచి నేర్చుకోదగ్గది ఒకటుంది. కచ్చితమైన అంకె దొరికే వరకు ఆగకుండా, చేతిలో ఉన్న అంచనాతోనే పని మొదలుపెట్టారు.

మీ జిల్లాకు లెక్క వేసి చూద్దాం

ఇప్పుడు కాగితం, పెన్ను తీసుకోండి. మీ జిల్లా జనాభా 20 లక్షలు అనుకుందాం. అందులో 18 నిండినవారు 70 శాతం అనుకుంటే 14 లక్షల మంది. నూటికి ఒకరి చొప్పున 14,000 మంది. వీరిలో ఎక్కువమందికి తమకు ఆటిజం ఉందని తెలియకపోవచ్చు. ఉద్యోగాలు చేస్తూ, సంసారాలు నడుపుతూ, ‘నలుగురితో కలవడు’ అనే మాట పడుతూ ఉండొచ్చు.

ఇక కొత్తగా పెద్దలయ్యేవారు. అంత జనాభాలో ఏటా సుమారు 30,000 మందికి 18 ఏళ్లు నిండుతాయనుకుందాం. నూటికి ఒకరంటే ఏటా 300 మంది. పదేళ్లలో 3,000 మంది. ఆటిజం ఉన్నవారందరికీ ఒకే స్థాయి సాయం అక్కర్లేదు. అమెరికా లెక్కల ప్రకారం మూడో వంతుకు పైగా పిల్లల్లో ఆటిజంతో పాటు మేధో వైకల్యం కూడా ఉంటోంది. ఆ లెక్కన ఏటా 100 మందికి స్నానం, తిండి, ప్రయాణం, డబ్బు లాంటి విషయాల్లో రోజూ ఎవరో ఒకరి తోడు కావాలి. ఒక డే కేర్ కేంద్రం 30 మందిని చూసుకోగలదనుకుంటే, ఆ ఒక్క జిల్లాలోనే ఏటా మూడు కొత్త కేంద్రాలు అవసరం. పదేళ్లలో ముప్ఫై!

ఇవి మనం అనుకుని వేసిన అంకెలు. సగం తగ్గించుకున్నా పదేళ్లలో పదిహేను కేంద్రాలు. ఇప్పుడు మీ జిల్లాలో 18 దాటిన ఆటిజం వ్యక్తులను పగటిపూట చూసుకునే కేంద్రాలు ఎన్నున్నాయో కనుక్కోండి. రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూస్తే పరిస్థితి మీకే అర్థమవుతుంది.

మన ఇళ్లు కూడా మారాయి

ఇంతకాలం ఈ భారం ఎవరు మోశారు? కుటుంబమే. ‘మేం పోయాక అన్నో, చెల్లో చూసుకుంటారు’ అన్నది మన పెద్దల ప్లానింగ్. ఆ ధైర్యానికి ఆధారం ఉండేది. ఇంటికి నలుగురు పిల్లలు, పక్కనే పిన్ని, బాబాయ్, మేనమామ.

ఇప్పుడు చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక్కో మహిళకు సగటున ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8 మంది పిల్లలే. ఆటిజం ఉన్న బిడ్డ పుట్టాక రెండో బిడ్డ వద్దనుకున్న కుటుంబాలు మీకూ తెలిసే ఉంటాయి. రెండో బిడ్డ ఉన్నా బెంగళూరులోనో, అమెరికాలోనో ఉద్యోగం. పాతికేళ్లకు తల్లి అయిన మహిళకు 60 వచ్చేసరికి బిడ్డకు 35. ఆమెకే మోకాళ్ల నొప్పులు, షుగరు, బీపీ. ఆరడుగుల కొడుక్కి స్నానం చేయించే ఓపిక ఉండదు.

అందుకే జిల్లా లెక్కలో ఒక్క అంకె చాలదు. ఎందరున్నారన్నది మొదటి ప్రశ్న. ఎవరికి ఎంత తోడు కావాలన్నది రెండోది. వాళ్లను చూసుకుంటున్న అమ్మానాన్నల వయసెంత అన్నది మూడోది. నిజానికి అత్యవసరాన్ని చెప్పేది ఈ మూడోదే. తల్లిదండ్రులు 60 దాటిన ఇళ్లు ఎన్నో తెలిస్తే, రాబోయే పదేళ్లలో ఎన్ని వసతి గృహాలు కావాలో తెలుస్తుంది.

18 దాటగానే దారి ఎక్కడ తెగుతోంది?

ఆర్‌బీఎస్‌కే సేవలు 18 ఏళ్లతో ఆగుతాయి. జిల్లాల్లోని సత్వర చికిత్సా కేంద్రాలూ పిల్లల కోసమే. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు మండలాల్లో నడిచే భవిత కేంద్రాలు బడి వయసు వరకే. పిల్లల డాక్టరు ‘ఇక పెద్దవాళ్ల డాక్టరుకు చూపించండి’ అంటారు. ఆ పెద్దవాళ్ల డాక్టరు ఎవరు? చాలా ఊళ్లలో ఈ ప్రశ్నకు జవాబు లేదు.

వైద్య అవసరాలేమో వయసుతో పాటు మారతాయి. ఆటిజం ఉన్న కొందరిలో మూర్ఛ కౌమారంలో బయటపడుతుంది. ఆందోళన, డిప్రెషన్ ఎక్కువ. ప్రవర్తన అదుపు కోసం వాడే కొన్ని మందులతో బరువు పెరిగి షుగరు వచ్చే ముప్పు ఉంటుంది. పంటి నొప్పి ఉన్నా, కడుపునొప్పి ఉన్నా మాటల్లో చెప్పలేని వ్యక్తి కోపంగానో, తల బాదుకుంటూనో చెబుతాడు. దాన్ని ‘ఆటిజం ముదిరింది’ అనుకుని అసలు జబ్బును వదిలేసే ప్రమాదం ఉంది. కిక్కిరిసిన ఓపీలో రెండు గంటలు వేచి ఉండటం వీరికి నరకం. పెద్దల్లో ఆటిజం తెలిసిన ఒక వైద్య బృందం, వారానికి ఒక పూట ప్రశాంతమైన ఓపీ... ప్రతి జిల్లా ఆసుపత్రిలో ఇవి ఉండాలంటే ముందు ‘ఎందరికి?’ అన్న లెక్క కావాలి.

సమాచారం ఉంది... కలిపి చూడాలి

కొత్తగా పెద్ద సర్వే చేస్తే గానీ లెక్క తేలదనుకోకండి. ముక్కలు ముక్కలుగా సమాచారం ఇప్పటికే ఉంది. సదరం ధ్రువపత్రాలు, యూడీఐడీ కార్డుల వివరాలు ఒకచోట. సత్వర చికిత్సా కేంద్రాల రిజిస్టర్లు మరోచోట. సమగ్ర శిక్షాలో ప్రత్యేక అవసరాల పిల్లల జాబితాలు ఇంకోచోట. పింఛన్ల జాబితా వేరు. పేర్లు బయటపడకుండా వయసు, మండలం, అవసరమైన సాయం స్థాయి... ఈ మూడు వివరాలతో వీటిని ఏటా ఒకసారి కలిపి చూస్తే, వచ్చే అయిదేళ్లలో ఏ మండలంలో ఎందరు 18 దాటుతారో తెలిసిపోతుంది.

ఆ పని చేయడానికి వేదిక కూడా ఉంది. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ప్రకారం జిల్లా స్థాయిలో లోకల్ లెవెల్ కమిటీ ఉంటుంది. దానికి కలెక్టరే అధ్యక్షుడు. స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి, దివ్యాంగుల ప్రతినిధి సభ్యులు. ఇప్పుడు ఈ కమిటీని చాలామంది సంరక్షకత్వ పత్రం కోసమే గుర్తు చేసుకుంటారు. దాని ముందుకు ఏటా ఈ అంకెలు రావాలి. శిక్షణ, మూల్యాంకనంలో అనుభవం ఉన్న జాతీయ సంస్థ సికింద్రాబాద్‌లోనే ఉంది. 1984లో మొదలైన ఆ సంస్థను ఇప్పుడు ఎన్‌ఐఈపీఐడీ అంటున్నారు.

ధ్రువపత్రాల లెక్కే మొత్తం లెక్క అనుకుంటే మాత్రం పొరపాటే. కార్డు తీసుకోనివారు, తమకు ఆటిజం ఉందని తెలియనివారు అందులో ఉండరు. వంద మందికి కార్డులున్నాయి కాబట్టి వంద మందే ఉన్నారని బడ్జెట్ రాస్తే, మిగతావారి భారం మళ్లీ అమ్మల మీదే పడుతుంది.

మీరు ఇప్పుడే చేయాల్సినవి

లెక్కలో చేరండి: ‘కార్డు తీసుకుంటే పిల్లాడి మీద ముద్ర పడుతుంది, చెల్లి పెళ్లి సంబంధాలకు అడ్డొస్తుంది’ అని వెనకాడే ఇళ్లున్నాయి. ఆ భయం అర్థమయ్యేదే. కానీ దాచిన బిడ్డ కోసం ఏ ప్రభుత్వమూ కేంద్రం కట్టదు. యూడీఐడీ కార్డు తీసుకోండి. చిన్నప్పటి ధ్రువపత్రానికి గడువు ఉంటే 18 నిండేలోపే చూసుకుని పునరుద్ధరించండి.

జనగణనలో చెప్పండి: తదుపరి జనాభా లెక్కలకు 2027 మార్చి 1 ప్రామాణిక తేదీ. గణకులు ఇంటికి వచ్చినప్పుడు వైకల్యం గురించి అడిగితే దాచకుండా ‘ఆటిజం’ అని స్పష్టంగా చెప్పండి.

18 నిండగానే సంరక్షకత్వం: మేజరయ్యాక కన్న తల్లిదండ్రులైనా చట్టం దృష్టిలో వాటంతటవే సంరక్షకులు కారు. బ్యాంకు ఖాతా, ఆస్తి, ఆపరేషన్‌కు సమ్మతి లాంటి విషయాల్లో చిక్కులు వస్తాయి. అవసరమైతే లోకల్ లెవెల్ కమిటీకి దరఖాస్తు చేయండి. అయితే అందరికీ ఇది అక్కర్లేదు. తన నిర్ణయాలు తాను తీసుకోగలిగిన బిడ్డ చేతిలోంచి ఆ హక్కు లాక్కోకండి. ఎంతవరకు తోడు కావాలో అంతవరకే ఉండాలన్నది 2016 చట్టం స్ఫూర్తి.

బీమా, పింఛను: నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ పథకంలో ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్య బీమా ఉంది. థెరపీ ఖర్చులకూ కొంత వర్తిస్తుంది. దివ్యాంగుల పింఛను ఆంధ్రప్రదేశ్‌లో 2024లో నెలకు 6,000 రూపాయలయింది. తెలంగాణలో 2023లో 4,016 రూపాయలకు పెంచారు. మీరు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అయితే, వైకల్యం వల్ల సంపాదించుకోలేని సంతానానికి జీవితాంతం కుటుంబ పింఛను వస్తుంది. రిటైరయ్యేలోపే బిడ్డ వివరాలు రికార్డుల్లో ఎక్కించండి.

ఉద్యోగం దారి మూసుకోకండి: ప్రభుత్వ ఉద్యోగాల్లో దివ్యాంగులకున్న 4 శాతం రిజర్వేషన్‌లో ఒక శాతం ఆటిజం, మేధో వైకల్యం, అభ్యసన లోపాలు, మానసిక రుగ్మతలు, బహుళ వైకల్యం ఉన్నవారికి కలిపి ఉంది. అది అందరికీ అందకపోవచ్చు. బిడ్డకు ఏది ఇష్టమో 14, 15 ఏళ్లకే గమనించి ఆ పనిలో తర్ఫీదు ఇవ్వండి. బస్సెక్కడం, చిల్లర లెక్కపెట్టడం, అన్నం వండుకోవడం... ఒక్కో పని నేర్చిన కొద్దీ రేపటి తోడు అవసరం అంత తగ్గుతుంది.

ఒక నోటుబుక్కు రాయండి: ఏం తింటాడు, దేనికి భయపడతాడు, నొప్పి వస్తే ఎలా చెబుతాడు, ఏ మందు పడదు, కోపమొస్తే ఏం చేస్తే శాంతిస్తాడు... ఇవన్నీ ఇప్పుడు అమ్మ తలలోనే ఉన్నాయి. అవి కాగితం మీదకు రావాలి. రేపు చూసుకునేవారు ఎవరైనా సరే, వారికి మొదట కావాల్సింది ఇదే.

కలిసి అడగండి: ఒక్కరు అడిగితే అది విన్నపం. ఇరవై కుటుంబాలు వెళ్తే అది జిల్లా సమస్య. తెలంగాణలో ప్రజావాణికి, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికకు కలిసి వెళ్లండి. మూడే ప్రశ్నలు అడగండి. మన జిల్లాలో 18 దాటిన ఆటిజం వ్యక్తులు ఎందరు? వచ్చే అయిదేళ్లలో ఎందరు 18 దాటుతారు? వారి కోసం డే కేర్, వసతి, ఆసుపత్రి సేవలు ఎక్కడ?

మొదటిసారి జవాబు రాకపోవచ్చు. రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి, ఆరు నెలలకు మళ్లీ వెళ్లండి. ‘మా తర్వాత వీడి గతేంటి?’ అన్న ప్రశ్న రాత్రిపూట నిద్ర పట్టక అమ్మానాన్నలు తమలో తాము వేసుకునేది. ఇకపై అది కలెక్టరేట్‌లో పగటిపూట, అంకెలతో సహా చర్చించాల్సిన ప్రశ్న కావాలి. అందుకు మొదటి అంకె మీ ఇంటి నుంచే వెళ్లాలి.